తాళం వేసిన బడి

ఊరు లేదు. చైత్రంలో తాను సెలవుకు వెళ్లేటప్పుడు ఇరవై రెండు ఇళ్లతో, కోళ్లతో, కుక్కలతో, ఇప్పపూల వాసనతో ఉన్న ఇప్పలగూడ, మిరుగం కార్తె వానల ముందర లక్ష్మీరాజం తిరిగొచ్చేసరికి లేదు. గుంజలు పీకేసిన గుంతలున్నాయి, పొయ్యిల మసి ఉంది, కుండపెంకులున్నాయి, ఎవరో మరిచిపోయిన అరిగిన చీపురు ఒకటి ఉంది. ఆ బయలు అంచున బడి మాత్రం నిక్షేపంగా నిలబడి ఉంది, తలుపుకు తాను వేసిన తాళంతో సహా. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నమాట. లక్ష్మీరాజం నెత్తి మీది రేకు పెట్టె దించుకుని, దారి తప్పానేమో అని గుట్ట వైపు చూశాడు, గుట్ట ఉంది, వాగు వైపు చూశాడు, వాగు కూడా ఉంది. ఊరు మాత్రమే లేదు.

ఇప్పచెట్టు కింద ఒక బండి ఆగి ఉంది. బండి తొట్టిలో గడ్డి పరుచుకుని పడుకున్న పెందూర్ మారు, యాభై ఏళ్ల మనిషి, ఇద్దరు మనవళ్లను ఈ బడికే పంపినవాడు, మెల్లగా లేచి కూర్చున్నాడు.

"రామ్ రామ్ గురూజీ."

"రామ్ రామ్. ఊరేది మారన్నా?"

"గుట్ట అవుతలికి పోయింది. బాయి ఎండింది. మల్ల ఒక్క వారంలనే ఇద్దరు జరమొచ్చి పోయిండ్రు. దేవుణ్ణి అడిగి, ఇగ గీ జాగ చాలు అన్నడు మా పూజారి దేవారి. లేచినం."

"బడినెందుకు ఇడిచిండ్రు?"

మారు తలుపు వైపు చూశాడు. "తాళమేసినవ్ గద."

తాళం వేస్తే ఏమవుతుందో లక్ష్మీరాజానికి అప్పుడు తెలిసింది, మూడేళ్లు ఆ గోండుల నడుమ బతికాక. ఇప్పలగూడలో తలుపంటే తడిక, తడికకు గొళ్లెం కూడా ఉండదు. ఒక ఇంట్లో మనుషులంతా చచ్చిపోతేనో, మళ్లీ రామని చెప్పి దేశం పట్టుకుపోతేనో, అయినవాళ్లు వచ్చి ఆ తలుపు బిగించి కట్టేస్తారు. అట్లా కట్టిన ఇంటిని ఎవరూ ముట్టరు, అందులో సామాను ముట్టరు, అది చెదలకు విడిచిన ఇల్లు. ఇదంతా మారు బీడీ ముట్టించుకుంటూ, ఎవరి మీదా ఫిర్యాదు లేని గొంతుతో చెప్పాడు. లక్ష్మీరాజం మొలతాటికి కట్టుకున్న తాళంచెవి తీసి బడి తలుపు తెరిచాడు. నల్లబల్ల ఉంది, పలకల దొంతర ఉంది, గోడ కింది వరసకు చెదలు పట్టనే పట్టాయి. బల్ల ఎత్తి బండిలో వేద్దామంటే మారు రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు గురూజీ. పటేలును అడిగినంక జూద్దాం. నిన్ను తీస్కరమ్మన్నడు. బస్సు దిగుతవేమో జూడుమని నన్ను అంపిండు."

"ఎందుకు రమ్మన్నడు?"

"నాకు చెప్పలే."

బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసి, అలవాటు కొద్దీ చెయ్యి మళ్లీ తాళం మీదికి పోతుంటే, నిప్పు తగిలినవాడిలా వెనక్కి తీసుకున్నాడు. బండెక్కాడు. ఎడ్లు కదిలాయి. గుట్ట చుట్టి పోవాలి, ఒక గంట దారి అన్నాడు మారు.

ఒక గంట అంటే తక్కువేం కాదు, భయపడే తీరిక ఉన్న మనిషికి. వాళ్లు ఏడ్చారు కదా, అని గుర్తుకొచ్చింది ముందుగా. చైత్రంలో ఆ పొద్దున, మెట్‌పల్లి అంగట్లో ఏరి కొన్న కొత్త అలీగఢ్ తాళాన్ని తాను మొదటిసారి ఠక్కున నొక్కినప్పుడు, అప్పటిదాకా గోల చేస్తున్న పిల్లలంతా ఒక్కసారిగా ఊరుకున్నారు. గంగుబాయి, తన వాకిట్లోనే మూడేళ్లు తనకు జొన్న అంబలి పోసిన ముసలామె, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. తన మీద ప్రేమ అనుకున్నాడు. ఎంత సంబరపడ్డాడో. నడిచినంత దూరం, బస్సులో కూర్చున్నంత సేపు, రాయపట్నం దగ్గర గంగ, అదే గోదావరి, దాటే పడవలో కూడా ఆ సంబరమే. ఇంటికి పోయి కాళ్లు కడుక్కోకముందే అవ్వతో చెప్పాడు, నేనొస్తుంటే ఊరు ఊరంతా ఏడ్చిందే అని. అవ్వ, తనను కన్న కమలవ్వ, చుట్టుపక్కల నాలుగు మగ్గాల ఇళ్లకు ఆ మాట మోసింది. ఇప్పుడు తెలుస్తోంది, వాళ్లు ఏడ్చింది తాను సెలవుకు పోతున్నందుకు కాదు. వాళ్ల కళ్ల ముందర, వాళ్ల పిల్లలు కూర్చున్న ఇంటికి, ఇగ మీకూ నాకూ చెల్లు అని చెప్పి, నవ్వుకుంటూ, చేతులూపుకుంటూ పోయాడు తాను. పిల్లలకు చేతులు కూడా ఊపాడు. ఆ ఊపిన చెయ్యిని ఇప్పుడు ఎక్కడ దాచుకోవాలో తెలియక తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

తాళం వెయ్యడమేం తప్పా, మెట్‌పల్లిలో పుట్టినవాడు తాళం వెయ్యకుండా ఎట్లా ఉంటాడు. బాపుకు మగ్గాల అర్రకు ఒక తాళం, నూలు పెట్టెకు ఒక తాళం, వీధి తలుపుకు ఒక తాళం. వీధిలో పడుగు సాగదీసి గంజి పెడుతుండగా అటు నుంచి దూడ వస్తే అరిచేవాడు, ఇటు నుంచి పొరుగువాడు వస్తే తాళం చూసుకునేవాడు. తాళం వేసి, నాలుగడుగులు పోయి, వెనక్కొచ్చి లాగి చూసి, మళ్లీ పోయే మనిషి తన తండ్రి నాగయ్య. వీణ్ణి చూడుండ్రి, తాళమేస్తడు గొళ్లెం మరుస్తడు, అని తన మీద బాపుకు చిన్నప్పటి నుంచీ ఒక సామెత. ఈ ఒక్కసారి గొళ్లెం మరవలేదు బాపూ, కొంప మునిగింది గొళ్లెం మరవనందుకే.

"మీ ఊర్ల అందరు తాళాలేస్తరా?" మారు వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఏస్తరు."

"ఎందుకు?"

"దొంగలొస్తరని."

మారు ఎడ్ల పగ్గం సర్దుకున్నాడు. "గంత మంది దొంగలల్ల ఎట్లుంటరు గురూజీ మీరు" అన్నాడు, నిజంగానే జాలిపడుతూ.

బండి ఎడమ చక్రం ఒక రాయెక్కి దిగింది. ఆకాశం పడమటి వైపు నల్లబడుతోంది, వాన ఇంకా రెండు రోజులు రాదు, వస్తే మాత్రం నెల రోజులు ఆగదు, వాన మొదలయ్యాక గుడిసె లేని చోట బడి నడపడం దేవుడి తరం కూడా కాదు. జేబులో కాగితం ఉంది. కరీంనగర్‌లో సర్కారు బడి నౌకరి, సోమవారం లోపల చేరాలి. ఆంధ్రప్రదేశ్ అయి ఏడాది కూడా కాలేదు, కొత్త బళ్లు వస్తున్నాయి, తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. బాపు ఆ కాగితాన్ని కండ్లకద్దుకున్నాడు. నిన్న పొద్దున దాన్ని తన జేబులో పెడుతూ ఒకే మాట అన్నాడు, గా అడివిల నీ బడి ఉంటె ఉండు, ఫికర్ లేదు, లేకుంటె మాత్రం గంగ దాటి సీదా కరీంనగర్ పో. సరే బాపూ అన్నాడు తాను, నవ్వుతూ. బడి లేకపోవడమేంటి, తాళం వేసి వచ్చాను కదా అనుకున్నాడు. కాబట్టి లెక్క సూటిగానే ఉంది. గుట్ట అవతల కొత్త ఊళ్లో బడి గుడిసె కనిపిస్తే ఉంటాడు, కనిపించకపోతే పోతాడు. పటేలు ఎందుకు రమ్మన్నట్టు మరి. అన్నం పెట్టి పంపడానికై ఉంటుంది. ఈ మనుషులు పగవాణ్ని కూడా ఒట్టి కడుపుతో పంపరు, మూడేళ్ల గురూజీని పంపుతారా. కోడిని కోస్తారు. ఆ కోడిని తలుచుకుంటేనే బండి దిగి వెనక్కి నడవాలనిపిస్తోంది.

గంగ దాటితే పరదేశం అనేది అవ్వ. మూడేళ్ల కిందట మొదటిసారి బయల్దేరినప్పుడు, అదేదో సముద్రాలు దాటిపోతున్నట్టు సద్దులు కట్టి, తాయెత్తు కట్టి, అక్కడి నీళ్లు కాచకుండా తాగొద్దని ఒట్టు వేయించుకుంది. పరదేశమే నిజానికి. భాష వేరు, దేవుళ్లు వేరు, నవ్వే సంగతులు వేరు. జీతం లేని ఆ కొలువుకు తాను ఎట్లా ఒప్పుకున్నాడో అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పేవాడు. కరీంనగర్‌లో సేవా సంఘం వాళ్ల మీటింగు, అడవి ఊళ్లల్లో చదువు చెప్పడానికి ఎవరొస్తారు అని అడిగారు, ఎండకు సోయి తప్పి చెయ్యెత్తాను అని దోస్తులతో అనేవాడు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. అసలు సంగతి నిజాం కాలం నాటిది. ఆరేళ్ల పిల్లవాణ్ని బడిలో కూర్చోబెట్టి బాపు పోయాడు, ఉస్తాద్ ఉర్దూలో ఏదో అన్నాడు, పక్కవాళ్లు లేస్తే లేచాడు, కూర్చుంటే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఉచ్చ వచ్చింది. దాన్ని ఆ భాషలో ఏమని అడగాలో తెలియదు. తెలుగులో అడిగితే కొడతాడని పక్కవాడు చెప్పాడు. పొద్దు వాలేదాకా బిగబట్టుకుని, ఇంటి మలుపు తిరిగేముందు, బట్టలోనే. పదేళ్లు ఆ భాషలోనే చదివాడు, మంచిగానే చదివాడు, షేర్లు, రెండు పాదాల ఉర్దూ పద్యాలు, కూడా రాశాడు. కాని ఆ మధ్యాహ్నం మాత్రం పోలేదు. అడవి పిల్లలకు వాళ్ల భాష రాని పంతుళ్లు పోతున్నారు అని ఆ మీటింగులో ఎవరో అన్నప్పుడు లేచిన చెయ్యి, ఆ ఆరేళ్లవాడిది.

అందుకే ఇప్పలగూడలో మొదటి పదిహేను రోజులు తాను ఏమీ చెప్పలేదు, నేర్చుకున్నాడు. నీళ్లను ఏర్ అంటారు, ఇంటిని రోన్ అంటారు, బయటికి పోవాలంటే ఏమంటారు, ఆకలైతే ఏమంటారు, కడుపు నొస్తే ఏమంటారు. అవి వచ్చాకే అక్షరాలు. పిల్లలు తన ఉచ్చారణకు పడిపడి నవ్వేవారు. ఒక పంతులు నోరు తిరగక తిప్పలు పడుతుంటే చూడటానికే సగం మంది వచ్చేవారు, ఆ సగం మంది చూస్తూ చూస్తూ చదువులో పడ్డారు. వాచకంలో ఓడ బొమ్మ చూసి ఇదేంటి అంటే నీళ్ల మీద నడిచే ఇల్లు అన్నాడు, అయితే అందులో పొయ్యి ఎక్కడుంటుందని అడిగారు, తనకు తెలియదు. ఓడ తాను కూడా చూడలేదు. ఆ రోజు నుంచి ఓడ పేజీ తీసేసి ఎద్దుబండి బొమ్మ తానే గీశాడు. ఇదిగో, ఈ బండే, చక్రం కొంచెం వంకరగా వచ్చింది.

మొదటి ఏడాది దీపావళి ముందర మరీ నవ్వులపాలయ్యాడు. దండారి అని, ఊరు ఊరంతా ఆడుకుంటూ పాడుకుంటూ ఇంకో ఊరికి చుట్టపుచూపుగా పోతుంది, రోజుల తరబడి రాదు. చెప్పాపెట్టకుండా బడి ఎగ్గొట్టారని తాను రెండు రోజులు ఒంటరిగా అలిగి కూర్చున్నాడు. అలిగితే చూసేవాళ్లెవరు. మూడో రోజు ఆకలేసి, వెతుక్కుంటూ తొమ్మిది మైళ్లు నడిచి ఆ ఊరికి పోతే, ఆలస్యమైందేం గురూజీ అని చాప వేశారు. నిన్ను వేరే పిలవాల్నా, నువ్వు మాతోటోనివి గాదా, అంది గంగుబాయి, పిలవకపోవడం తన తప్పే అన్నట్టు. అక్కడే పొద్దున పూట రెండు ఊళ్ల పిల్లలనూ కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పాడు, మధ్యాహ్నం డప్పుల మోతలో పడుకున్నాడు. పెద్దలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఆడుతుంటే, ఏడో ఎక్కం తప్పు చెప్పిన పిల్లను కూడా ఏమీ అనబుద్ధి కాలేదు. జీవితంలో అంత హాయిగా ఎప్పుడున్నానని ఇప్పుడు వెతికితే, ఆ చాప తప్ప ఇంకోటి కనిపించడం లేదు.

కరీంనగర్ మాత్రం చెడ్డదా. కాదు. బెంచీలుంటాయి, గంట కొట్టడానికి ఒక మనిషి ఉంటాడు, సాయంత్రం సర్కస్ మైదానం పక్కన చాయ్ తాగొచ్చు. శనివారం బస్సెక్కితే అవ్వ చేతి కూడు. అక్కడ కూడా పిల్లలే, వాళ్లు కూడా నవ్వుతారు. ఏదైనా మంచిదే, అనుకున్నాడు లక్ష్మీరాజం, ఏదైనా నాకు సమ్మతమే అని మనసుకు రెండుసార్లు చెప్పుకున్నాడు, మూడోసారి చెప్పుకోబోతూ ఆగిపోయాడు. అబద్ధం. తనకు ఇక్కడే ఉండాలని ఉంది. ఈ మూడేళ్లూ తాను ఏదో ఇస్తున్నానని అనుకున్నాడు, సంఘం వాళ్లూ త్యాగమనే అన్నారు, మెట్‌పల్లిలో కోమటి కొట్టు ముందు నలుగురూ పొగిడితే తల వంచుకుని విన్నాడు. త్యాగమేముంది, మన్ను. ఇక్కడ ఉంటే తనకు బాగుంటుంది, అంతే. ఆ సంగతి ఇంత సూటిగా తెలియడానికి ఊరు లేచిపోవాల్సి వచ్చింది.

"గా మలుపు తిరిగితె ఊరే" అన్నాడు మారు.

తిరగొద్దు, అనుకున్నాడు. ఇంకో గంట నడవనీ. కాని ఎడ్లకు ఇల్లు తెలుసు, అవి పరుగందుకున్నాయి. చెట్లు పలచబడ్డాయి, కొత్త గడ్డి కప్పుల పసుపు కనిపించింది. లేచి నిలబడి, బండి గుంజ పట్టుకుని లెక్కపెట్టాడు. అటు పది, ఇటు పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాడు, ఈసారి ఇటు నుంచి. పన్నెండు, పది. ఇరవై రెండు ఇళ్లు, ఇరవై రెండు వాకిళ్ల పొగ. ఊరి అంచున చూశాడు, పాత ఊళ్లో బడి అంచుననే ఉండేది. అంచున అడవే ఉంది. ఈ పది ఇళ్ల వరసలో నడుమ ఒక ఇంటంత ఖాళీ కనిపించింది, ఎవరో కొడుకును వేరు పెడుతున్నారేమో, వాళ్లకై ఉంటుంది. సరే. అయిపోయింది. జేబులో కాగితం ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. కళ్లు మండాయి, దుమ్ము అని తుడుచుకున్నాడు, మారు చూడలేదు.

పిల్లలు ఎదురొచ్చారు, కాని ఎప్పటిలా మీద పడలేదు, బండికి కొంచెం దూరంలో నడిచారు, పోయినవాడు తిరిగొస్తే ఎట్లా పలకరించాలో ఎవరూ నేర్పలేదు వాళ్లకు. తొడసం జైతు పటేలు తలపాగా సర్దుకుంటూ వచ్చాడు. పక్కనే గంగుబాయి, కర్ర పట్టుకుని. మంచం వాల్చారు, నీళ్లిచ్చారు, తాగాడు. కోడి కోసం చూశాడు. కోడిని కోసే సందడి ఎక్కడా లేదు.

"తాళం సంగతి నాకు తెల్వలే పటేలూ" అన్నాడు. అనుకున్న మాటలు పది ఉంటే అదొక్కటే బయటికొచ్చింది. "మా దిక్కు గట్లనే ఏస్తరు. మల్ల వస్తననే ఏసిన."

పటేలు తలూపాడు. "మేము పంచాయితి వెట్టినం. నువ్వు రావని కొందరన్నరు, తాళం జూసినం గద. గీ ముసల్ది లేచింది. గంగ అవుతలోళ్లు పెట్టెకు గూడ తాళమేస్తరట, మరి పెట్టె సచ్చిపోయినట్టా అన్నది. ఎవ్వలికి జవాబు రాలే."

"రాలే" అంది గంగుబాయి.

"అందుకే జాగ ఇడిచినం." పటేలు కర్రతో చూపించాడు, పది ఇళ్ల నడుమ ఆ ఖాళీని. "అంచుకు ఎందుకు, నడుమ ఉండనియ్యి అనుకున్నం. గుడిసె మాత్రం నువ్వు లేకుంట మేము ఏసుడు కుదరదు. ఎవ్వలి ఇంటికి వాళ్లే గింజలు వెట్టాలె. జోడు జోడుగ వెట్టి ఆకు కప్పాలె. పొద్దున జూసేవరకు జరగకుంటె భూమి ఒప్పుకున్నట్టు. నీ గింజలు మేం వెడితె చెల్లదు. నువ్వు రావాలె, నువ్వు వెట్టాలె. అందుకే బస్సు బస్సుకు మారును అంపుతున్న."

గుప్పెడు జొన్నలు తెచ్చి తన అరచేతిలో పోశారు. లక్ష్మీరాజం వాటిని వేలితో జోడు జోడుగా వేరు చేశాడు. తల ఎత్తకుండానే అడిగాడు, "జరిగితే?"

"పక్కకు వెడుదువు."

"గదీ జరిగితే?"

"ఇంకో పక్కకు. జాగకేం కొదువ."

ఖాళీ నడిమికి నడిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మన్ను చదును చేసి, జోడు పక్కన జోడు, గింజకు గింజ తాకేటట్టు పెట్టాడు. మగ్గం ముందు పోగులు అతికిన చేతులే, అయినా ఒక్కో జోడును రెండుసార్లు సర్దాడు. ఒక పిల్ల మోదుగాకు అందించింది, కప్పాడు. లేచి వెనక్కి జరిగేసరికి, గంగుబాయి కర్ర పక్కన పెట్టి ఆకు పక్కనే చతికిలబడింది. ఆకు దగ్గరికి వస్తున్న ఒక చీమను వేలితో అవతలికి నెట్టింది.

"గింజలకు కావలి కూసుండొద్దే" అన్నాడు పటేలు. "గది రీతి కాదు."

"గింజలకెవ్వలు కూసున్నరు?" అంది గంగుబాయి. "కొత్త ఇంట్ల ఉబ్బరిస్తుంది. గాలికి కూసున్న."

మారు ఎడ్లను విప్పి వచ్చి, కోళ్లు వచ్చే వైపు కూర్చుని బీడీ తీశాడు. పిల్లలు వచ్చారు, వాళ్ల తల్లులు వచ్చారు, ఎవరి చాప వాళ్లు తెచ్చుకున్నారు. తనకూ ఒక చాప వేశారు. చివరికి పటేలు కూడా తలపాగా విప్పి దాంతో విసురుకుంటూ, గాలి వచ్చే వైపుకు వీపు అడ్డం పెట్టి కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇప్పలగూడలో ఇరవై రెండు ఇళ్లల్లో ఏ ఇంట్లోనూ గాలి ఆడలేదు.